దొండపందిరి కింద బెల్జియం

మొదటి ప్రపంచయుద్ధం ఎందుకొచ్చిందో పదో తరగతి పిల్లలకి తెలియడం లేదన్న సంగతి డివిజన్ విద్యాధికారి త్రివిక్రమరావు గారికి ఒక తనిఖీలో బయటపడింది. పుల్లేటిమెరక హైస్కూల్లో ఒకణ్ణి లేపి అడిగితే "కోపం వల్లండి" అన్నాడు. గోగుమెరక హైస్కూల్లో ఒక పిల్లని అడిగితే "మగాళ్ళ వల్లండి" అంది. రెండు జవాబులూ తప్పని ఆయన అక్కడికక్కడే తేల్చేశారు. సరైన జవాబు ఆయనకీ గుర్తు లేదు గానీ, అది ఆరు పాయింట్లలో ఉంటుందని మాత్రం ఖాయంగా గుర్తుంది.

ఆ ఏడు విద్యాశాఖకి కొత్త పూనకం పట్టింది. పిల్లలు చదివి నేర్చుకోకూడదు, చేసి నేర్చుకోవాలి. వర్షపాతం పాఠానికి అగ్నిమాపక బండి తెప్పించి పిల్లల్ని తడిపారు. సగంమందికి జలుబు చేస్తే దాన్ని 'ఫలితం' కింద పైకి రాశారు. జీర్ణవ్యవస్థ పాఠానికి సిమెంటు తూములు వరసగా పేర్చి పిల్లల్ని ఒక కొస నుంచి రెండో కొసకి పాకించారు. మధ్యలో ఇరుక్కున్న వాణ్ణి 'మలబద్ధకం' అని చూపించారు. ఇంత చేశాక యుద్ధాన్ని ఒక్కదాన్నే నోటితో చెప్పి వదిలెయ్యడం త్రివిక్రమరావు గారికి న్యాయంగా తోచలేదు. ఇలా ఉత్తర్వు పంపారు:

"మొదటి ప్రపంచయుద్ధమును డివిజను పరిధిలోని పాఠశాలలు పరస్పర సహకారముతో, శాంతియుత వాతావరణములో, మధ్యాహ్న భోజనమునకు అంతరాయము కలుగకుండా నిర్వహించవలెను. నిర్వహించని ప్రధానోపాధ్యాయులపై కఠిన చర్య తీసుకొనబడును."

చీటీలు తీసి దేశాలు పంచారు. పుల్లేటిమెరకకి జర్మనీ వచ్చింది. గోగుమెరకకి ఫ్రాన్సు. పశువుల ఆసుపత్రి సిబ్బందికి ఇంగ్లండు. అప్పటి రష్యా సైన్యంలాగే కబురు పెట్టిన చాలాసేపటికి గానీ కదలరు కాబట్టి కరెంటాఫీసుకి చీటీ లేకుండానే రష్యా ఇచ్చేశారు. హైవే పక్కనున్న ఏసీ కాన్వెంటు, తాము ప్రైవేటు గనక ఈ యుద్ధంతో తమకి నిమిత్తం లేదని జవాబు రాసింది. "భేష్! అమెరికా కూడా మొదట్లో ఇలాగే అంది" అని త్రివిక్రమరావు గారు దానికి అమెరికా ఖాయం చేశారు.

గవర్రాజుకి వీటిలో దేనితోనూ సంబంధం లేదు. ఐదో తరగతితో బడి మానేసి, అప్పట్నుంచీ తను బడి జోలికి పోకుండా, బడి తన జోలికి రాకుండా బతుకుతున్నాడు. కాకపోతే పుల్లేటిమెరక బడి ప్రహరీకీ గోగుమెరక బడి ప్రహరీకీ నడుమ అతనికి అరెకరం చెక్క ఉంది. అందులో దొండపందిరి ఉంది. సరుగుడు బాదులు పాతి, తీగ లాగి, పాదు పాదునీ చేత్తో పైకెక్కించి పెంచిన పందిరి. దొండ ఒకసారి కుదురుకుందంటే ఏళ్ళతరబడి కాస్తుంది. గవర్రాజు ఇల్లు, వంట, కూతురి కాలేజీ, భార్య మోకాళ్ళ మందులు అన్నీ ఆ పందిరికే వేలాడుతున్నాయి. అతనికి వేరే సెంటు భూమి లేదు.

ఒక పొద్దున తోటలోకి జనం వచ్చారు. ముందు త్రివిక్రమరావు గారు, వెనక ఇద్దరు హెడ్మాస్టర్లు, వాళ్ళ వెనక శాలువా పట్టుకుని పుల్లేటిమెరక సోషల్ మాస్టారు షరీఫ్.

"గవర్రాజు గారంటే తమరేనా?"

'గారు' అన్న మాట చెవినపడగానే గవర్రాజు ఒకడుగు వెనక్కేశాడు. ప్రభుత్వం వాళ్ళు గారు అన్నప్పుడల్లా ఏదో ఒకటి పోతూ వచ్చింది. కిందటిసారి అన్నప్పుడు కాలవగట్టు మీది పశువుల పాక పోయింది.

"నేనేనండి. ఏం జరిగిందండి?"

"ఇంకా ఏమీ జరగలేదు. ప్రపంచయుద్ధ నిర్వహణ నిమిత్తం తమరిని బెల్జియంగా ఎంపిక చేయడమైనది." అని త్రివిక్రమరావు గారు శాలువా కప్పేశారు. వెనకనున్న వాళ్ళు చప్పట్లు కొట్టారు.

కాయలు కోస్తున్న వరహాలమ్మ గంప దించి పరుగున వచ్చింది. "ఏవయ్యా, శాలువా కప్పుతున్నారేంటి? ఏం పట్టుకుపోతారంట?"

"అమ్మా, పట్టుకుపోవడం కాదు. ఇటు జర్మనీ, అటు ఫ్రాన్సు, నడుమ మీరు. భౌగోళికంగా ఇంతటి అనుకూలత రాష్ట్రంలో మరెక్కడా లేదు" అన్నారాయన.

"నేనేం చెయ్యాలండి?" అన్నాడు గవర్రాజు.

"ఏమీ చేయరాదు. తమరు తటస్థులు. ఎవరి పక్షమూ వహించరాదు. ఎవరి జోలికీ వెళ్ళరాదు."

"నేనెప్పుడెళ్ళానండి?"

"అందుకే ఎంపికయ్యారు."

హెడ్మాస్టర్లిద్దరూ ముందుకొచ్చారు. పుల్లేటిమెరక ఫణికుమార్ గారికీ, గోగుమెరక జ్ఞానరత్నం గారికీ మాటల్లేవు. కిందటేడు పదో తరగతి ఫలితాలప్పుడు బస్టాండులో ఒకే స్తంభానికి ఇద్దరూ ఫ్లెక్సీలు కట్టించబోయారు; అప్పట్నుంచీ పడదు. ఇద్దరూ గవర్రాజు చేతిలో చెయ్యేసి, యుద్ధం ఎంత దూరం వెళ్ళినా ఈ తోటలో కాలు పెట్టబోమని ఒట్టేశారు. ఆ ఒట్టుని ఫోటో తీశారు.

అందరూ వెళ్ళాక షరీఫ్ మాస్టారు ఆగిపోయి, దొండకాయలు ఏరుకుంటున్నట్టు గంప దగ్గర కూర్చున్నారు.

"మాస్టారూ, ఆ బెల్జియం సంగతేంటండి పుస్తకంలో?" అన్నాడు గవర్రాజు.

"పెద్దగా ఏం లేదండీ. నాలుగు లైన్లే."

"ఏం రాశారండి ఆ నాలుగు లైన్లలో?"

మాస్టారు ఒక కాయ తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. "మొదటి లైన్లోనే తొక్కేస్తారండి."

"మిగతా మూడూ?"

"ఎవరెవరు తొక్కారో ఉంటుంది."

గవర్రాజు ఆ శాలువా తీసి బాదుకి తగిలించాడు. మనుషులు ఒట్టేశారు కదా, ఫోటో కూడా తీశారు కదా అని తనకి తనే చెప్పుకున్నాడు. వరహాలమ్మ మాత్రం ఆ రోజంతా అందిన కాయల్ని అందినట్టు కోసేసింది.

యుద్ధానికి ముందు ఒక హత్య కావాలి. యువరాజు ఊరేగింపుగా వస్తుంటే ఎవరో కాల్చాలి, దాంతో మొదలవ్వాలి. యువరాజు వేషానికి సర్పంచి గారి భర్త ముత్యాలరావు ఒప్పుకున్నాడు. సర్పంచి ఆవిడ, సర్పంచిగిరీ ఈయనది. టాపులేని జీపూ, దండలూ, బాజా ఉంటాయని చెప్పారు గానీ చివర చనిపోవాలని ఎవరూ చెప్పలేదు.

ఆ పూట గవర్రాజు కూడా వెళ్ళి జనంలో నిలబడ్డాడు. జీపు మలుపు తిరగ్గానే ఒక పిల్లాడు ఊక నింపిన పాత సాక్సు విసిరాడు. ఉత్తర్వు ప్రకారం అదే ఆయుధం. అది ముత్యాలరావు ఛాతీకి తగిలింది. ఆయన జీపులో లేచి నిలబడి, "ఎవడ్రా నన్ను కొట్టింది? ఏ పార్టీ?" అన్నాడు.

త్రివిక్రమరావు గారు జీపు దగ్గరికి వెళ్ళి, చెవిలో, "తమరు మరణించవలసి ఉంది" అన్నారు.

"నేనా? నామినేషన్ల ముందా? శకునం ఏమౌద్దండీ!"

"పోనీ, మూర్ఛ?"

"మూర్ఛంటే ఆరోగ్యం బాలేదని ప్రచారం చేసేత్తారండి. కావాలంటే అలుగుతాను."

"పాఠంలో అలక లేదు."

"లేపోతే నేనేం చెయ్యనండి. రాయించుకోండి" అని ముత్యాలరావు మైకు తీసుకుని, తన హయాంలో వేసిన వీధి దీపాల గురించి మొదలుపెట్టాడు.

యువరాజు చావకపోతే యుద్ధం రాదు. గవర్రాజు మనసు తేలికపడింది. ముత్యాలరావు నిండు నూరేళ్ళూ బతకాలని ఆ ఊళ్ళో అంత మనస్ఫూర్తిగా కోరుకున్న మనిషి అంతకు ముందు లేడు.

"యుద్ధం వాయిదా" అన్నారు త్రివిక్రమరావు గారు ఫోన్లో. అవతల నుంచి ఫణికుమార్ గారి గొంతు గవర్రాజుకి కూడా వినపడింది.

"ఎలా అవుతుందండీ! పెరుగన్నం పొట్లాలు కట్టేశారు. పిల్లల్ని వరసల్లో నిలబెట్టేశాం. వాళ్ళు బయల్దేరాలి, తోట అవతల కూర్చుని తినాలి, తిరిగి రావాలి, అదీ టైంటేబులు. ఇప్పుడాపితే సాయంత్రానికి పెరుగన్నం పులిసిపోతుంది. పులిస్తే ఎవరిదండీ బాధ్యత?"

'బాధ్యత' అన్న మాట వినేసరికి త్రివిక్రమరావు గారి ముఖం మారింది. "అట్లయితే కానివ్వండి. కారణాన్ని తర్వాత జతచేద్దాం."

గవర్రాజు పంచె ఎగ్గట్టి అడ్డదారిన పరిగెత్తాడు. తోట గుమ్మం దగ్గర చేతులు రెండూ బార్లా చాపి నిలబడేసరికి ఎదురుగా జర్మనీ వచ్చేసింది. ముందు ఫణికుమార్ గారు, వెనక బడంతా, చంకల్లో పొట్లాలు, చేతుల్లో ఊక సాక్సులు.

"మాస్టారూ, పక్కనే సిమెంటు రోడ్డుంది గదండీ! బీడీ కాల్చే లోపు గోగుమెరకలో ఉంటారు. ఈ పాదుల్లోంచి ఎందుకండీ?"

"రోడ్డు మీద ఎలా వెళ్తాం గవర్రాజూ? పాఠంలో బెల్జియం మీదుగా అని ఉంది. రోడ్డు మీద తీసుకెళ్తే పిల్లలు పరీక్షలో రోడ్డనే రాసేస్తారు. మార్కులు నువ్విస్తావా?"

"ఒట్టేశారండి మీరు!"

"ఒట్టు వెయ్యడమూ పాఠంలోదే, తప్పడమూ పాఠంలోదే. జరుగు."

పిల్లలు పాపం తలలు వంచుకునే వచ్చారు. కానీ అన్ని తలలు వంగినా అన్ని కాళ్ళూ పాదుల మీదే పడ్డాయి. మొదటి వరస బాదులు పుటుక్కున విరిగాయి. అటు నుంచి "ఫ్రాన్సు జిందాబాద్" అంటూ జ్ఞానరత్నం గారి పిల్లలు దిగారు. అప్పుడు వచ్చింది ఇంగ్లండు. బెల్జియం మీద చెయ్యి పడితే చూస్తూ ఊరుకోబోమని పశువుల ఆసుపత్రి వాళ్ళు ముందే మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి వాళ్ళు కూడా తోటలోకే దిగారు, మోకాళ్ళ దాకా ఉండే రబ్బరు బూట్లతో. తొక్కడానికి వచ్చిన వాళ్ళ కంటే కాపాడటానికి వచ్చిన వాళ్ళ బూట్లే బరువని గవర్రాజుకి ఆ పూట తెలిసింది.

కాసేపటికి ఊక సాక్సులు అయిపోయాయి. యుద్ధం ఆగుతుందేమో అనుకున్నాడు. అంతలో ఎవరో పిల్లాడు తలెత్తి పైకి చూశాడు. పందిరి నిండా కాయలు. తూటా ఎంతుంటుందో అంత, తూటా ఎలా ఉంటుందో అలా. ఆ తర్వాత వరహాలమ్మ చీర కొంగు తల మీద కప్పుకుని పందిరి కిందికి పరిగెత్తి, "ఒరే, కూర కాయల్రా, కూర కాయలు!" అని అరుస్తుంటే ఆ కాయలే వచ్చి ఆవిడకి తగిలాయి.

సాయంత్రానికి ఎవరూ గెలవలేదు. మర్నాడూ గెలవలేదు. దానికి కారణం షరీఫ్ మాస్టారు చెప్పారు. ఈ దశలో రెండు పక్షాలూ కందకాలు తవ్వుకుని అందులో కూర్చోవాలి, చాలా కాలం ఎవరూ ముందుకీ వెనక్కీ కదలకూడదు. త్రివిక్రమరావు గారు ఉపాధి హామీ వాళ్ళకి రాశారు. వాళ్ళ దగ్గర కందకాల పని మంజూరై, తవ్వడానికి చోటు దొరక్క ఆగిపోయి ఉంది. సంతోషంగా వచ్చి తోట ఈ చివర నుంచి ఆ చివర దాకా తవ్వేశారు. వేళ్ళతో సహా పాదులు మట్టికుప్పల మీద వేలాడాయి. నీటి సంరక్షణ కింద వాళ్ళకీ, చరిత్ర కింద వీళ్ళకీ అదే కందకం రెండు చోట్ల పని అయినట్టు చూపించారు.

కందకాల జీవితం మాస్టర్లకి బాగా నచ్చింది. పాఠాలు లేవు, పేపర్లు దిద్దడం లేదు. రెండు వైపుల వాళ్ళూ కుర్చీలు దింపుకున్నారు. టీ ఇటు నుంచి అటు వెళ్ళేది, బజ్జీలు అటు నుంచి ఇటు వచ్చేవి. పిల్లలు నడుమనున్న జాగాలో కబడ్డీ మొదలుపెట్టారు. ఫణికుమార్ గారూ జ్ఞానరత్నం గారూ కూడా ఫ్లెక్సీ తర్వాత మొదటిసారి మాట్లాడుకున్నారు. అది చూసి గవర్రాజు ధైర్యం చేసి, "మరి అంతా కలిసిపోయారు గదండీ, ఇంక లేవకూడదా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే త్రివిక్రమరావు గారు తనిఖీకి వచ్చారు.

"ఇదేమిటి? ఇక్కడ శాంతి ఎవరు మంజూరు చేశారు?"

మాస్టర్లు బజ్జీల పళ్ళెం కుర్చీ కిందికి తోసేశారు.

"పై నుంచి ఉత్తర్వు లేకుండా క్షేత్రస్థాయిలో శాంతి నెలకొనడం తీవ్రమైన క్రమశిక్షణా ఉల్లంఘన. సంబంధితులు తక్షణమే శత్రుత్వాన్ని పునరుద్ధరించవలెను. లేనిచో సంజాయిషీ ఇవ్వవలెను."

సంజాయిషీ రాయడం కంటే శత్రుత్వం తేలిక. జ్ఞానరత్నం గారు కుర్చీ అటు తిప్పుకున్నారు. పిల్లలు కబడ్డీ ఆపి మళ్ళీ పందిరెక్కారు.

మలుపు కాన్వెంటు వల్ల వచ్చింది. ఏదో తోటలో సర్కారు బళ్ళ పిల్లలు ఫోటోల్లో పడుతున్నారని, తమ పిల్లలు వెనకబడిపోతారని తల్లిదండ్రులు ఫోన్లు చేశారు. మర్నాడు పసుపు బస్సులు వరసగా వచ్చాయి. బ్యాండు వచ్చింది, తెల్ల బూట్లు వచ్చాయి, వీడియో తీసేవాడు వచ్చాడు, తల్లులు గొడుగులతో వచ్చారు. అప్పటికే జర్మనీకీ ఫ్రాన్సుకీ విసుగెత్తి ఉంది. కాన్వెంటు వాళ్ళు భోజనాల లోపే గెలిచేసి, మిగిలిన పందిరిని ఆనుకుని బస్సులు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు. ఎందుకు వచ్చారో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. వీడియో మాత్రం బాగా వచ్చిందన్నారు.

పందిట్లో ఒక మూల మిగిలింది. సంధి సమావేశం ఆ మూల నీడలోనే పెట్టారు, ఊళ్ళో వేరే చోట ఎండగా ఉందని.

ఒకే ఒక్క విషయం తేలాలి. యుద్ధానికి కారణం ఎవరు? నివేదిక పైకి వెళ్ళాలంటే కారణం జతచెయ్యాలి.

"పాఠం ప్రకారం సంధిలో తప్పంతా జర్మనీ మీద పెడతారు" అన్నారు త్రివిక్రమరావు గారు.

ఫణికుమార్ గారు లేచి నిలబడ్డారు. "సార్, నాకు పై ఏడు ప్రమోషనుంది. సర్వీసు రిజిస్టర్లో 'ప్రపంచయుద్ధానికి బాధ్యుడు' అని పడితే నా గతేం కానండి? నేను ఉత్తర్వు ప్రకారమే దండయాత్ర చేశాను."

"అయితే ఫ్రాన్సు?"

"నాకూ సర్వీసు రిజిస్టరుంది సార్" అన్నారు జ్ఞానరత్నం గారు.

పశువుల ఆసుపత్రి వాళ్ళకీ ఉంది. కరెంటాఫీసు వాళ్ళకీ ఉంది, వాళ్ళు ఇంకా రానే లేదు. చూపులు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి మారుతూ వచ్చి, చివరికి విరిగిన బాదుని తాడుతో కడుతున్న గవర్రాజు మీద ఆగాయి.

"తమకు సర్వీసు రిజిస్టరు...?"

"లేదండి. నాకదేంటో కూడా తెలీదు."

త్రివిక్రమరావు గారు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. "రాసుకోండి. రెండు దేశముల నడుమ బెల్జియం అడ్డముగా ఉండుట వలన రాకపోకలయందు ఘర్షణ అనివార్యమై యుద్ధము సంభవించినది."

"నేనడ్డంగా లేనండి. నా తోట అడ్డంగా ఉంది. అది మా తాత నాటి నుంచీ ఉందండి!"

"అట్లయితే 'చిరకాల కారణము' అని చేర్చండి."

కారణం ఎవరిదో వాళ్ళే పరిహారం కట్టాలి. రెండు బళ్ళ మధ్యాహ్న భోజనానికీ ఆ ఏడంతా బెల్జియం దొండకాయలు సరఫరా చెయ్యాలని సంధిలో రాశారు. వరహాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని చుట్టూ చూసింది. "అలాగే బాబూ, ఏ పందిరి నుంచి కోసివ్వమంటారో అది కూడా మీరే రాసిచ్చెయ్యండి" అంది. ఆ మాట సంధి పరిధిలోకి రాదన్నారు.

అందరూ వెళ్ళిపోయాక షరీఫ్ మాస్టారు మిగిలారు.

"ఇంకయిపోయినట్టే గదండీ మాస్టారూ? ఆ మూల నాలుగు పాదులున్నాయి. వాటి తీగలు కత్తిరించి నాటుకుంటే ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఎక్కుతాయండి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గవర్రాజు గారూ, ఇది ఎన్నో యుద్ధమని ఉంది పాఠం పేరులో?"

"మొదటి..." అని గవర్రాజు ఆగిపోయాడు. "ఏటండీ, ఇంకోటుందా?"

"సంక్షోభం, నియంతలు, ఒక్కో దేశం... అదంతా వచ్చే టర్ములో అండి."

"బెల్జియం?"

"మళ్ళీ అంతేనండి. ఈసారి ఇంకా తొందరగా."

గవర్రాజు కందకం గట్టు మీద కూలబడ్డాడు. "ఎవరూ కాలు పెట్టని దేశం ఒక్కటైనా లేదాండీ ఆ పుస్తకంలో?" అన్నాడు.

"ఎందుకు లేదు. స్విట్జర్లాండుంది. రెండు యుద్ధాల్లోనూ దాని మీదికి ఎవరూ దండెత్తలేదు."

"ఎంచేతండి?"

"చుట్టూ కొండలండి. బ్యాంకులు కూడా ఉన్నాయనుకోండి."

"బ్యాంకులు మనవల్ల కాదు. కొండలెంత ఎత్తుండాలండి?"

గవర్రాజు ఉతికిన చొక్కా వేసుకుని డివిజన్ ఆఫీసుకి వెళ్ళాడు. త్రివిక్రమరావు గారు శ్రద్ధగా విన్నారు.

"దేశ మార్పునకు అవకాశం కలదు. అయితే భౌగోళిక స్వరూపం తదనుగుణంగా ఉండవలెను. కొండ లేని స్విట్జర్లాండును నేను పైకి సిఫారసు చేయజాలను. తమరు కొండ సిద్ధం చేసుకున్నచో రెవెన్యూ వారి చేత క్షేత్రస్థాయి పరిశీలన జరిపిస్తాను."

కందకాల్లోంచి తీసిన మట్టి తోటంతా కుప్పలుగా పడి ఉంది. గవర్రాజూ వరహాలమ్మా ఆ మట్టిని గంపలకెత్తి అరెకరం చుట్టూ పొయ్యడం మొదలుపెట్టారు. చాలకపోతే కాలవ పూడిక తెచ్చిపోశారు, రైసుమిల్లు బూడిద తెచ్చిపోశారు. వరహాలమ్మ మోకాళ్ళు వాచిపోయాయి. "జనం భూమి చదును చేసుకుంటారు, నేను కట్టుకున్నోడు కొండలు చేత్తన్నాడు" అని తిట్టుకుంటూనే మోసింది. జర్మనీ పిల్లలూ ఫ్రాన్సు పిల్లలూ బడి వదలగానే వచ్చి, ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే, తట్టలు అందించారు. వర్షాలకి మట్టి బిగిసింది. గడ్డి మొలిచింది. మిగిలిన పాదుల నుంచి కత్తిరించిన తీగలు నడుమ లోయలో చిగురు వేశాయి. బయట నుంచి చూస్తే తోట కనపడటం లేదు. గవర్రాజు చాలా కాలం తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాడు.

పరిశీలనకి గ్రామ రెవెన్యూ అధికారి అబ్బులు గారు వచ్చారు. టేపు పట్టి కొలిచారు. పైకెక్కి అటూ ఇటూ చూశారు. చెప్పు మడమతో తన్ని గట్టిదనం చూశారు. గవర్రాజు చేతులు కట్టుకుని కింద నిలబడ్డాడు.

"కొండే. ఏమాత్రం సందేహం లేదు. రాసేశాను" అన్నారు అబ్బులు గారు.

గవర్రాజు గట్టెక్కి ఆయన చేతులు పట్టుకున్నాడు. "మీ మేలు మరిచిపోలేనండి. మరైతే, యుద్ధమొచ్చినా ఏదొచ్చినా ఇంక ఇందులోకి ఎవరూ రాకూడదు గదండీ?"

"ఎలా వస్తారు? కొండంటే కొండ పోరంబోకు. ప్రభుత్వం భూమి. ఇందులో ఎవరూ కాలు పెట్టడానికి వీల్లేదు." అబ్బులు గారు టేపు చుట్టి జేబులో పెట్టుకుని, కింద చిగురేసిన పాదుల వైపు ఒకసారి, గవర్రాజు కాళ్ళ వైపు ఒకసారి చూశారు. "ముందు నువ్వు దిగు."